వేరే పిట్ట తోక

పొద్దున్నే అత్తా కోడలూ వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పనిలో కూర్చుంటారు. గనిలోంచి వచ్చే రాతి పలకల్లో డైనోసార్ల కాలం నాటి పిట్టలుంటాయి. భూతద్దం కింద పెట్టి, సూదితో రాయి గీకి, ఎముకలు బయటికి తియ్యాలి. సూది తగిలితే పిట్టకి మెలకువొస్తుంది. ఆ కాలం పిట్టలకి నోట్లో పళ్ళు, రెక్కలకి గోళ్ళు. కరుస్తాయి. అత్తకి చిటికెనవేలు అలాగే పోయింది. "రాళ్ళల్లో వచ్చే కందిరీగల కంటే నయంలే" అంటుంది.

కోడలి ఎడమచేతి వంకర వేలు మాత్రం పిట్టల పని కాదు. మొగుడు విరిచాడు.

ఆ రోజు ఆమె ముందున్న పిట్టకి తోక లేదు. మొగుడు ఇంకో పిట్ట తోక తెచ్చి బల్ల మీద పడేశాడు.

"అతికించు. సాయంత్రం కొనేవాడొస్తున్నాడు."

"ఇది దీని తోక కాదండీ. అసలుది రాయిలోనే ఉంటుంది, ఇంకా గీకితే..."

"ఎప్పుడో చచ్చిన పిట్టకి ఏ తోకైతే ఏంటే?"

"ఊరుకోదండీ."

చెంప పగిలింది. పెదవి చిట్లి రక్తం పలక మీద చిందింది.

"ఒరేయ్, కుడిచెయ్యి జాగ్రత్తరా. పనాగిపోద్ది" అంది అత్త, తలెత్తకుండానే.

వాడు సరిగ్గా ఆ చేతినే బల్లకేసి అదిమి సుత్తి ఎత్తాడు. "అతికిస్తావా, వేళ్ళు నుజ్జు చెయ్యనా?"

"అతికించను."

డొక్కలో తన్నాడు. ఆమె కుర్చీతో సహా కిందపడింది. "ముందు దీని పని కానీ, తర్వాత నీ వేళ్ళ సంగతి చూస్తా" అంటూ తోకకి జిగురు పూసి, ఉత్త చేత్తో పలక మీద నొక్కాడు.

పిట్ట మెడ తిప్పి మణికట్టు పట్టుకుంది. గోళ్ళు కండలో దిగాయి. వాడు సుత్తితో దాన్ని కొట్టబోయి తన ఎముకే విరగ్గొట్టుకున్నాడు. పిట్ట లాగింది. చెయ్యి మోచేతిదాకా రాయిలోకి పోయింది, రాయి దాని చుట్టూ మూసుకుంది.

"అమ్మా!"

"గుడ్డ చుట్టుకోకుండా ఎవడైనా చెయ్యి పెడతాడట్రా?" అంది అత్త.

"నొప్పే! సూది తీసుకోవే, బయటికి తియ్యవే!"

ఆమె మెల్లగా లేచి, కుర్చీ నిలబెట్టుకుని కూర్చుంది. పిట్ట నడుము రాయిలో కలిసిపోయిన చోట సూది ఆనించింది.

"అటు కాదే! ఇటు, నా చెయ్యి!"

"ఇది పన్నెండు కోట్ల ఏళ్ళ నించి లైన్లో ఉందండీ" అంది ఆమె. "మీరు ఇప్పుడేగా వచ్చారు."