పసరు సంగతి

అబిడ్స్‌లో పెన్నుల దుకాణం నడిపే బాలకిషన్‌కు టీబీ మాత్రలు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడ్డాయి. మాత్రలిచ్చిన డాక్టరును అడగాలని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. కామెర్లకు పసరు తప్ప మందు లేదన్న జ్ఞానం మనవాళ్లకు ఉగ్గుపాలతోనే అబ్బుతుంది కదా! అన్న సురేందర్ అతణ్ని, అతని భార్య వసుమతిని ఆటో ఎక్కించి నాంపల్లి గల్లీలో పసరు పోసేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ పెద్దమనిషి వసుమతి చేతిలో సీసా పెట్టాడు.

"రోజూ పరగడుపున తాపియ్యమ్మా. ఈ సంగతి నీ నోరు దాటిందా, మందు గుణం పోతది."

వాంతులు ఆగకపోయేసరికి దవాఖానలో చేర్చారు. డాక్టరు టీబీ మాత్రలు ఆపించాడు. ఆపినా లివర్ కుదుటపడలేదు.

"నాటుమందు ఏమన్నా వాడుతున్నరా? చెప్పమ్మా, తిట్టను," అని బతిమాలినట్టే అడిగాడు.

వసుమతికి ఆ పెద్దమనిషి మాట గుర్తొచ్చింది. చెబితే మొగుడి ప్రాణానికే ముప్పు.

"లేదు సార్," అంది. తెల్లారి మళ్లీ సీసాలోంచి పసరు వంచి తాగించింది. పిచ్చితల్లి, మొగుణ్ని బతికించుకుంటున్నాననే అనుకుంది.

ఒక పొద్దున బాలకిషన్ ఆమెను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. వసుమతి పరుగెత్తి, డాక్టరు ముందు సీసా పెట్టి బావురుమంది.

ఆయన తల పట్టుకున్నాడు. "మాత్రలతో దెబ్బతిన్న లివర్ మీద మళ్లీ ఇది పోసిన్రా? అడిగిన నాడే చెప్తే ఆపించేవాణ్ని కదమ్మా!"

పసరు ఆపారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. బాలకిషన్ పోయాడు.

దినాలనాడు సురేందర్ నలుగురిలో కూర్చుని అన్నాడు: "నా తమ్ముణ్ని పసరు ఏం చెయ్యలే. డాక్టరుకు చెప్పిన గీమె నోరే మింగింది."

పెద్దలంతా తలలూపారు. పసరు పోసినవాడి మీద ఒక్కరూ ఈగ వాలనివ్వలేదు.

జనం పలచబడ్డాక పక్కింటి నళిని వసుమతి దగ్గరికి జరిగింది. "అక్కా, మా పిల్లగాడు శ్రావణ్‌కు కళ్లు పచ్చగైనయి. ఆ పసరాయన ఇల్లు యాడుందో జర చెప్పవా? మేమైతే ఎవ్వరికీ చెప్పం."

"పోకు నళినీ, నీ కాళ్లు మొక్కుత! పిల్లగాణ్ని దవాఖానకు తోల్కపో," అంటూ వసుమతి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

నళిని చెయ్యి విడిపించుకుంది. "చెప్ప బుద్ధిగాకుంటే చెప్పకు. నీ ఇంట్ల గిట్లయిందని మా ఇంట్ల గూడ కావాల్నా ఏంది?" అని లేచి, తిన్నగా సురేందర్ దగ్గరికి పోయింది.