ఇంజనీరుగారి తెల్లచొక్కా

మరక ఆరకముందే నీళ్ళలో పడాలి. వీధి వీధంతా లాండ్రీ అక్క అని పిలిచే ఆవిడ వచ్చేపోయే ప్రతివాళ్ళకీ చెప్పే మాట అదొక్కటే. సిరా కానీ, టీ కానీ, రక్తం కానీ, ఒక్కసారి ఆరనిచ్చామా, ఇక ఆ బట్ట మన మాట వినదంటుంది. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నం ఆమె కూతురు ఇస్త్రీ బట్టలు ఇచ్చిరావడానికి ఎదురు వీధి అపార్ట్‌మెంటుకి వెళ్ళింది. చిన్నపిల్లేం కాదు, ఇరవై దాటాయి. రెండు చేతులా మూటలు పట్టుకుని మెట్లన్నీ గబగబా ఎక్కేసే మనిషి. తిరిగొచ్చేసరికి పనిలో బట్టల మీద తొడుక్కునే షాపు కోటుకి గుండీలు లేవు, పెదవి చిట్లి ఉంది. వెనకగదిలో గోడకానుకుని కూర్చుని, పై అంతస్తు ఇంజనీరుగారు తలుపేసి తనని ఏం చేశాడో తల్లికి చెప్పింది. వాడి మణికట్టు కొరికి బయటపడ్డానంది. అప్పటికే అంతా అయిపోయిందంది.

 అది విన్న ఆ మహాతల్లి నోట మొదట వచ్చిన మాటేమిటో తెలుసా?

"లోపలికెందుకు వెళ్ళావే?"

"బట్టలు బీరువాలో తగిలించమన్నాడమ్మా. వాళ్ళావిడ ఉన్నప్పుడు రోజూ అదే చెబుతుందిగా. ఆవిడ ఊళ్ళో లేదని నాకేం తెలుసు?"

ఆ తర్వాత తల్లి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కూతురికి వేడినీళ్ళు పోసి స్నానం చేయించింది. ఒంటిమీద నుంచి తీసిన బట్టలన్నీ చన్నీళ్ళలో ముంచి, సబ్బు పెట్టి, ఏడుస్తూ ఏడుస్తూ రుద్ది ఉతికింది. ఒక్క మరక మిగిలితే ఒట్టు. పనిమంతురాలు మరి.

మర్నాడు ఫిర్యాదు ఇచ్చి, ఆసుపత్రిలో పరీక్ష అయ్యాక స్టేషన్లో ఇన్‌స్పెక్టరు మొదట అడిగింది ఆ బట్టల గురించే.

"ఉతికేశానండీ" అంది తల్లి.

"ఉతికేశావా!" అని ఆయన పక్కనున్న రైటరు వైపు చూసి నవ్వాడు. "స్నానం కూడా చేయించావట. డాక్టరమ్మ ఏమీ తేల్చలేనంది. ఇక నన్నేం చెయ్యమంటావు?"

"ఆయన చెయ్యి కొరికానండీ. గాటు ఉంటుంది చూడండి" అంది కూతురు.

"చూశాం. కుక్క కరిచిందంటున్నాడు."

"ఆయనకి కుక్క లేదండీ."

"వీధిలో ఉన్నాయిగా బోలెడు. చూడమ్మా, పెద్దమనిషి మీద ఊరికే మాట అనకూడదు. గట్టి ఆధారం ఏదన్నా ఉంటే పట్టుకురండి."

కుక్కమాట నమ్మాడు గానీ పిల్లమాట నమ్మలేదు ఆ మహానుభావుడు. పోనీ వీధిలోవాళ్ళన్నా నమ్మారా అంటే, అబ్బే! బట్టలు వేసే వంకతో అందరూ లాండ్రీ ముందుకే చేరారు.

"కోటు వేసుకునే వెళ్ళిందా? కోటు లోపల ఏం వేసుకుందో?" అన్నాడు మందుల షాపాయన. షాపు కోటు మెడ నుంచి మోకాళ్ళ దాకా ఉంటుంది. ఇక దాని లోపలిది ఈయనగారికెందుకో!

"మా అమ్మాయైతే గుమ్మంలోనే ఇచ్చేసి వచ్చేస్తుందమ్మా" అంది టీచరమ్మ. ఈ టీచరమ్మే, నడుం నొప్పి తల్లీ, బట్టలు కాస్త మంచం మీద సర్ది వెళ్ళమని ఆ పిల్లని లోపలికి పిలిచేది.

లాండ్రీ అక్క అన్నీ వింటూ మడతలు పెట్టుకుంది. వినగా వినగా ఆమె మనసునీ అనుమానపు పురుగు తొలిచింది. ఇది అందరితోనూ నవ్వుతూ మాట్లాడే రకమే కదా. ఇంజనీరుగారు ఇన్నేళ్ళలో తనతో ఒక్క పొల్లుమాట అన్నది లేదు కదా. ఒకనాడు దుప్పటి మడతపెడుతూ ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమే, నువ్వేమన్నా నవ్వావా ఆయనతో?"

దుప్పటి రెండో కొస పట్టుకున్న కూతురు కొస వదిలేసి వెనకగదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అన్నం కూడా కంచంలో పెట్టుకుని ఆ గదిలోకే పట్టుకెళ్ళేది.

కొన్నాళ్ళకి ఇంజనీరుగారింటి పనమ్మాయి మాసిన బట్టల మూట తెచ్చి బల్లమీద పడేసి పోయింది. ఇంజనీరమ్మ ఆ పూటే ఊరి నుంచి వచ్చి, సంగతేమీ తెలియక, మూల బుట్టలో ఉన్నదంతా చూడకుండా కట్టి పంపేసింది. ఆడపిల్ల బతుకు నాశనం చెయ్యగలరు గానీ, తమ చొక్కా తాము ఉతుక్కోవడం చేతకాదు ఆ ఇంట్లో.

మూట విప్పితే తెల్లచొక్కా ఒకటి బయటపడింది. కుడిచేతి మణికట్టు పట్టీ మీద ఎండి నల్లబడ్డ రక్తం. గుడ్డలో పళ్ళు దిగిన చోట వరసగా చిన్నచిన్న చిల్లులు. లిప్‌స్టిక్ ఎరుగని ఆ పిల్ల చిట్లిన పెదవి ఆనిన రక్తపు గుర్తు ఒకటి భుజం మీద. కాలరు లోపల చెరగని సిరాతో వేసిన లాండ్రీ గుర్తు. ఏ ఇంటి బట్టో తెలియడానికి లాండ్రీ అక్క స్వయంగా తన చేత్తో వేసిన గుర్తది. ఆమె ఆ చొక్కాని వెలుతురుకి పట్టి చిల్లులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

ఇంతలోకే ఇంజనీరమ్మ రొప్పుకుంటూ వచ్చింది. మొగుడు బుట్టలో వెతుక్కుని ఉంటాడు.

"ఆ మూట ఇటిచ్చెయ్యి, పొరపాటున వచ్చింది."

లాండ్రీ అక్క చొక్కా ఎత్తి చూపించింది. ఇంజనీరమ్మ చూసింది, చూపు తిప్పుకుంది. గొంతు తగ్గించింది.

"రచ్చకెక్కితే పోయేది మీ పిల్ల పరువే. నువ్వూ ఆడదానివే, ఆలోచించుకో. నీ చేతికి లొంగని మరకుందా? ఒక్కసారి ఉతికి ఇచ్చెయ్యి. అపార్ట్‌మెంటు బట్టలన్నీ నీకే వచ్చేలా నేను చూస్తాను."

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి లాండ్రీ అక్క మొగుడు అందుకున్నాడు. "ఇచ్చెయ్యవే. రేపు దానికి పెళ్ళి కావాలా వద్దా?"

"నోర్ముయ్!" అంది లాండ్రీ అక్క. మొగుణ్ణి అంత మాట ఎన్నడూ అనలేదు. "నా కూతురి బట్టలు ఉతికి దాని నోట్లో నేనే మట్టికొట్టాను. ఇది ఉతకను. నీళ్ళ చుక్క తగలనివ్వను. వెళ్ళండమ్మా, వెళ్ళి మీ ఆయన్ని వకీలుని చూసుకోమనండి."

చొక్కా కాగితంలో చుట్టి వెనకగదిలోకి పరిగెత్తింది. కూతురు కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీ కుడుతోంది.

"లేవ్వే, స్టేషన్‌కి పోదాం! ఇదిగో, వాడి చొక్కా. నీ పళ్ళగాట్లు, వాడి రక్తం. ఇప్పుడు చచ్చినట్టు నమ్ముతారు!"

కూతురు కాగితం విప్పి చొక్కా చూసింది. చూసినంతసేపు చూసి తల్లి మొహంలోకి చూసింది.

"నువ్వెప్పుడు నమ్మావమ్మా?"

"అదేం మాటే, నేను నీ తల్లిని..."

"అందుకే అడుగుతున్నా. నేను చెప్పినప్పుడా, ఇది చూశాకా?"

లాండ్రీ అక్క కింద పడ్డ కాగితం ఏరి మడతలు సరిచేసింది. 

"వాళ్ళు ఈ చొక్కా ఇంట్లోనే ఉతుక్కుని ఉంటే?" అంది కూతురు. దారం కొరికి, సూది గోడకున్న క్యాలెండరుకి గుచ్చి, చొక్కాని మళ్ళీ కాగితంలో చుట్టుకుంది. చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"నేనొక్కదాన్నే వెళ్తాను. నమ్మనివాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, పక్కన నువ్వు కూడా ఎందుకు?"