ముక్కు మేస్త్రి

అయినా ఒక్కసారికి పోదు, బండి పూర్తిగా ఆగకుండా రివర్స్‌లోంచి డి లోకి ఒక్కసారి లాగినంత మాత్రాన ఏ గేర్‌బాక్సూ పోదు, అలా పోయేటట్టయితే ఊళ్లో సగం ఆటోమేటిక్ బండ్లు ఈపాటికి తోపుడు బండ్లయ్యేవి, ఈ ఒక్క ముక్క బావకి చెప్పేస్తే చాలు, చెప్పడానికి ఎంతసేపు, కానీ చెప్పాక ఊరుకుంటాడా, మరి ఎందుకు పోయింది మేస్త్రీ అంటాడు, ఆ రెండో ప్రశ్న దగ్గరే నాలుక మడతపడిపోతోంది, లిఫ్ట్ మీద బండి, దాని కడుపు కింద నేను, ఊడదీసిన ఆయిల్ పాన్ బల్ల మీద, అడుగున నల్లటి ముద్ద, వేలితో తీస్తే వేలి గీతల్లోకి కాటుకలా దిగిపోయింది, ఇది క్లచ్ ప్లేట్ల పొడి, ప్లేట్లు జారీ జారీ మాడిపోతే రాలే పొడి, ఒక పొద్దుటి పొడి కాదు, నెలల పొడి, ముప్పై ఏళ్లుగా పాన్లు ఊడదీస్తున్నవాణ్ని, ఈ ముద్ద ఎన్నాళ్లదో కళ్లు మూసుకుని చెప్పగలను, కళ్లతో పనిలేదు, వేళ్లు చాలు, వేళ్లు ఇంకా అబద్ధం నేర్చుకోలేదు.

షట్టర్ బయట ప్లాస్టిక్ కుర్చీలో బావ, మోకాళ్ల మీద చేతులు, పొద్దున వచ్చినప్పటి నుంచి అదే కూర్చోవడం, టీ తెప్పిస్తే పైన మీగడ కట్టింది, దర్జీవాడు, నలభై ఏళ్లు జనం భుజాలు కొలిచినవాడు, ఇప్పుడు నిమిషాలు కొలుస్తున్నాడు, నలభై రెండు నిమిషాలు మేస్త్రీ, అంటాడు, వంతెన ఎక్కేచోట నలభై రెండు నిమిషాలు ఆగిపోయాం, నేను అడగకపోయినా అంటాడు, అక్క పోయిన ఈ పదహారు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో, పొద్దున ఏడింటికి అక్క గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో బరువుగా ఉందండీ అందట, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా బండి తీశాడట, సందులోంచి వెనక్కి వస్తూ వస్తూనే, బండి ఆగకుండానే, డి లోకి లాగేశాడు, ధడ్ మని చప్పుడు, అయినా కదిలింది, వంతెన ఎత్తు దాకా వచ్చింది, అక్కడ ఇంజను అరుస్తోంది, చక్రం మాత్రం తిరగట్లేదు, తొక్కిన కొద్దీ అరుపే, చివరికి కూరగాయల వ్యాన్ ఒకటి ఆగి ఎక్కించుకుంది, అరగంట ముందు తెచ్చుంటే బాగుండేది అని డాక్టరు ఒక్క మాట అనేసి వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయాడు, ఆ ఒక్క మాటా బావ కుత్తుకలో ముల్లులా ఉండిపోయింది, అన్నం దిగట్లేదు, మనిషి సగమయ్యాడు, తను కుట్టిన చొక్కాయే తనకి వదులైపోయింది. నా తొందరే మీ అక్కని తినేసింది మేస్త్రీ, అన్నాడు ఇవాళ పొద్దున కూడా, నువ్వు లక్షసార్లు చెప్పావు, ఆగాకే గేరు మార్చమని, చెప్పావా లేదా.

చెప్పాను, ఎవరికి చెప్పలేదు గనక, ఈ షెడ్డులోకి వచ్చిన ప్రతివాడికీ అదే పాఠం, బాబూ ఆటోమేటిక్ బండి అంటే నీ చేతికి పని తగ్గింది గానీ దానికి తగ్గలేదు, పూర్తిగా ఆగాకే రివర్సూ డీ మార్చు, నిలిపేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు తర్వాత పార్కు, ఎత్తులో బండిని యాక్సిలేటర్ తొక్కి నిలబెట్టకు, అది గేర్‌బాక్సు గుండెల మీద నిలబడ్డట్టే, ఆయిలు ఎర్రగా ఉన్నప్పుడే మార్చెయ్, నల్లబడ్డాక నా దగ్గరికి తెస్తే నేనేం చేసేది, ఇవన్నీ బావ చిన్న కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి స్టీరింగ్ పక్కన అంటించుకున్నాడు, అక్క నవ్వేది, ఇరవై ఏడేళ్లు కాపురం చేశాను, నా మాట ఒక్కటైనా ఇలా అంటించుకున్నారా అని బావతో, నా వైపు తిరిగి, నువ్వేమో పెళ్లి మానేసి గేర్‌బాక్సుల్ని కట్టుకున్నావు, అవి మాత్రం నీ మాట వింటాయిరా అనేది, ఆ కాగితం ఇప్పటికీ ఉంది, లిఫ్ట్ ఎక్కించేటప్పుడు చూశాను, ఒక మూల జిగురు ఊడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ గెలిచాను, కంపెనీవాళ్లు కంప్యూటర్ తగిలించి అంతా సవ్యంగా ఉందన్న బండిని ఒకసారి ఆయిలు కొలిచే డిప్‌స్టిక్కు వాసన చూసి, లోపల మాడింది, రెండు నెలల్లో రోడ్డు మీద ఆగుతుంది అన్నాను, నలభై రోజులకే ఆగింది, అప్పట్నుంచి ముక్కు మేస్త్రిని, పక్క ఊళ్ల నుంచి కూడా గుడ్డపేలికకి ఆయిలు పూసి సీసాలో పెట్టి పంపేవాళ్లు, ముక్కు మేస్త్రి చేత వాసన చూపించండి అని, రంగు మోసం చేస్తుంది, గోధుమ రంగు ఆయిలు రెండు రకాలు, పాతబడి రంగు మారినది ఒకటి, మాడి మారినది ఒకటి, కంటికి రెండూ ఒకటే, తేడా తెలిసేది ముక్కుకే, పాతబడిందైతే కదిలించకూడదు, ఎప్పుడూ మార్చని ఆయిలు తీసి ఒక్కసారిగా కొత్తది పోస్తే అరిగిన ప్లేట్లు పట్టు తప్పి జారతాయి, మాడిందైతే ఒక్కరోజు ఆలస్యం చెయ్యకుండా విప్పాలి, వదిలెయ్యాలా విప్పాలా, అంతా ఆ ఒక్క పీల్పులోనే.

రెండేళ్ల కిందట జ్వరం, పది రోజులు, జ్వరం పోయింది, వాసన దాంతోపాటు పోయింది, వస్తుందిలే అనుకున్నాను, నెలయ్యాక వస్తుందిలే, ఏడాదయ్యాక ఇక అనుకోవడం మానేశాను, పెట్రోలు లేదు, సబ్బు లేదు, వాన పడ్డ మట్టి లేదు, గాజు వెనక కూర్చున్నట్టుంది లోకం, ఎవరికీ చెప్పలేదు, ఎలా చెప్తాం, ముక్కు మేస్త్రికి ముక్కు లేదంటే ఇక మిగిలేది ఏముంది, మేకపోతు గాంభీర్యం ఒకటి మిగిలింది, దాంతోనే లాక్కొచ్చాను, ఉపాయం కూడా దొరికింది, షెడ్డులో ఆ మూల పెయింటరు ఉంటాడు, గుడ్డకి ఆయిలు అద్ది ముందు నేను పీల్చినట్టు పీల్చి, కళ్లు మూసి, తల ఊపి, ఆ తర్వాత వాడి ముక్కు దగ్గర పెట్టి, నీ పరీక్ష, చెప్పు చూద్దాం అని వేళాకోళంగా అనేవాణ్ని, వాడి మొహం ముడుచుకుంటే మాడినట్టు, ముడుచుకోకపోతే లేనట్టు, వాడు నా శిష్యుణ్ననుకుని మురిసిపోయేవాడు, రెండేళ్లు వాడి ముక్కుతో బతికాను. సిగ్గేసేది, కానీ సిగ్గు కంటే భయం ఎక్కువ.

ఆ ఆదివారం పెయింటరు లేడు, అక్కావాళ్ల ఇల్లు, భోజనానికి వెళ్లాను, నాలుగు నెలల కిందట, బావ కొట్టుకి ఏదో అర్జంటు కుట్టుపని ఉందని వెళ్లాడు, వెళ్తూ వెళ్తూ, మేస్త్రీ బండి ఈ మధ్య ఎత్తులో కొంచెం వణుకుతోంది, ఆయిలు మార్చించమంటావా, ఒకసారి నీ ముక్కు పెట్టు అన్నాడు, బావ కత్తిరించి మిగిలిన తెల్లగుడ్డ ముక్క తీసుకుని డిప్‌స్టిక్కు తుడిచాను, గోధుమ రంగు, వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నాను, గాజు, ఏమీ లేదు, అక్క అటుగా వచ్చింది, అలవాటుగా నవ్వుతూ గుడ్డ తన ముందు చాపాను, చెప్పు చూద్దాం, వంగి వాసన చూసి మొహం చిట్లించింది, ఛీ, మాడినట్టుంది రా, అని, అంతలోనే, అయ్యో పాలు అని లోపలికి పరిగెత్తింది, గిన్నె అడుగంటి పొయ్యి మీద పొగ, హమ్మయ్య అనుకున్నాను నేను, అవును, హమ్మయ్యే, అక్కకి వచ్చిన మాడు వాసన పాలదన్నమాట, ఆయిలుది కాదు, ఎంత హాయిగా నమ్మేశానో, కావలసిన మాట దొరికినప్పుడు మనిషి ఎంత తొందరగా నమ్ముతాడో, అక్క నల్లబడ్డ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది, పొయ్యి పక్కనే కూర్చున్నావు కదరా, పిలవలేదేం, అంది, ఏదో ఆలోచనలో ఉన్నానులే అన్నాను, చాలాసేపు నా మొహంలోకే చూసింది, చూసి చూసి, ఒరేయ్ తమ్ముడూ, ఆ గుడ్డ ఇంకొక్కసారి సరిగ్గా చూడు, అంది, మెల్లగా, చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెప్తే మళ్లీ చెప్పు అనేదే, అలా, నాకు ఒళ్లు మండింది, నా ముక్కు మీద నీకూ అనుమానమేనా, ముప్పై ఏళ్లు, ఊరు ఊరంతా, పాతబడింది అంతే, కదిలిస్తేనే పాడవుతుంది, బావకి చెప్పు ఇంకో ఏడాది చూసుకోనక్కర్లేదని, అన్నాను, లేదులేరా, అనుమానం ఎందుకు, అంది అక్క, గిన్నె తోముకోవడానికి వెళ్లిపోయింది, ఆ రోజంతా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బావ లేచాడు, షట్టర్ కిందుగా వంగి లోపలికి వస్తున్నాడు, చెప్పులు గుమ్మం దగ్గర విప్పాడు, గ్యారేజీకి ఎవరు చెప్పులు విప్పుతారు, ఏం చేస్తున్నాడో తనకే తెలియట్లేదు, ఏం తేలింది మేస్త్రీ, నా వల్లేనా, అడిగాడు, పొద్దున అడిగినప్పుడు విప్పి చూడాలి బావా అన్నాను, విప్పాను, చూశాను, ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా గుడ్డ పేలికతో చేతులు తుడుచుకుంటున్నాను, ఎంత తుడిచినా నలుపు పోవట్లేదు, అవును బావా నీ తొందరే అంటే చాలు, నమ్మేస్తాడు, ఇప్పటికే నమ్మాడు, నేను కొత్తగా అబద్ధం ఆడనక్కర్లేదు, నోరు మూసుకుంటే అదే ఆడుకుంటుంది, కాదు బావా అన్ని బండ్లూ ఏదో ఒకరోజు పోతాయి అంటే ఇంకా మర్యాదగా ఉంటుంది, ముక్కు మేస్త్రి ముక్కు మేస్త్రిగానే ఉంటాడు, బావ మాత్రం రోజుకి కొంచెం కొంచెం అరిగిపోతాడు, ఈ పాన్‌లో ముద్దలా, పైకి చప్పుడు లేకుండా, ఒకరోజు వంతెన ఎక్కబోతూ ఆగిపోతాడు, నాకు తెలుసు, అరిగేవాటి సంగతి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు. మీ అక్క ఒక్కమాట కూడా అనలేదు మేస్త్రీ, అంటున్నాడు బావ, బండి వైపు చూస్తూ, వంతెన మీద అది అరుస్తుంటే నేను కంగారుపడిపోయాను, తనే నా చెయ్యి పట్టుకుంది, తమ్ముడు చూశాడు కదండీ, వాడు బాగా చూశాడు, వాడి తప్పేం ఉండదు, అంది, అంత నొప్పిలో.

ఈ మాట ఇంతకు ముందు ఎన్నిసార్లు చెప్పాడు, ప్రతిసారీ ఓదార్పులా విన్నాను, అక్కకి నా మీద ఎంత నమ్మకమో అని గుడ్ల నీళ్లు గుడ్లలోనే కుక్కుకున్నాను, వంతెన మీద బావ బండి పోయిందన్నాడంతే, ఎవరి తప్పు అని అడగనే లేదు, అడగని తప్పు ఊసు అక్కకి ఎక్కణ్నుంచి వచ్చింది, వాడి తప్పేం ఉండదు అని ఎందుకంది, మాడినట్టుంది అన్నది పాల దగ్గరికి వెళ్లకముందు, వంగి గుడ్డ వాసన చూసినప్పుడే అంది, పొయ్యి పక్కన కూర్చుని పొగ తెలియని తమ్ముణ్ని గిన్నె పట్టుకుని చూసింది, చూసి, ఇంకొక్కసారి సరిగ్గా చూడు అంది, అది ఆయిలు గురించి అడగడం కాదు, చెప్పేయరా, నా దగ్గర చెప్పేయరా అనడం, నేను చెప్పలేదు, తనూ ఎవరికీ చెప్పలేదు, నాలుగు నెలలు ఆ బండిలోనే తిరిగింది, గుండె ఆగిపోతున్నప్పుడు కూడా నా పరువే కాపలా కాసింది, అక్కకి తెలుసు, అమ్మా, అక్కకి అన్నీ తెలుసు. బావ ఇంకా నిలబడే ఉన్నాడు, సరిగ్గా చూశావా మేస్త్రీ, నా వల్లే కదా, ఇంకొక్కసారి చూడు, అంటున్నాడు, అక్క అన్న మాటే, రెండోసారి, బల్ల మీద తెల్లగుడ్డ ముక్క ఉంది, పాన్‌లో ముంచి తీసి బావ చేతిలో పెట్టాను, వాసన చూడు బావా, అన్నాను, వంగి చూశాడు, మొహం అక్క మొహంలాగే చిట్లింది, మాడింది, అన్నాడు, నాలుగు నెలల కిందటే మాడింది బావా, అక్క చెప్పింది, నాకే రాలేదు, రెండేళ్ల నుంచి నాకు ఏ వాసనా రాదు.