బూడిద రంగు వాక్యాలు

సాయంత్రం నాలుగు దాటింది. నినెత్ పొద్దున తెచ్చుకున్న మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజల ముద్ద డబ్బాలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పని పూర్తయ్యాక చివరిసారి పేజీలు తిరగేస్తుంటే నూట నలభయ్యో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

టవర్ మీద బిగించే కొత్త ప్రసార యంత్రం తాలూకు పుస్తకం అది. యంత్రాన్ని తయారు చేసేది ఇక్కడే, గ్వాటెమాలాలో. కొనేది పక్కనున్న బెలీజ్. అక్కడ టవర్లెక్కేవాళ్ళు చదివేది ఇంగ్లీషు. స్పానిష్‌లో ఉన్న మూడు వందల పన్నెండు పేజీలూ సాయంత్రం ఐదుకల్లా ఇంగ్లీషులోకి రావాలి, చివరి పేజీ మీద నినెత్ ముద్ర పడాలి. ప్రభుత్వం దగ్గర ప్రమాణం చేసిన అనువాదకుల ముద్ర లేనిదే ఆ పుస్తకాన్ని సరిహద్దు దాటనివ్వరు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పాత పుస్తకాల్లోని వాక్యాన్ని పోలిన వాక్యం కొత్తదాంట్లో కనబడితే కంప్యూటరు పాత ఇంగ్లీషునే తెచ్చి అక్కడ కూర్చోబెడుతుంది. ఆ వాక్యం బూడిద రంగుకు మారుతుంది, దానికి తాళం పడుతుంది. దానికి కూలి ఉండదు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే పోనీ అనుకోవచ్చు. యజమాని ఉరీసార్‌కు అది చాల్లేదు. నూటికి ఎనభై అయిదు పాళ్ళు కలిస్తే చాలు, తాళం వేసెయ్యమన్నాడు. ఈ పుస్తకంలో నూటికి డెబ్బై వాక్యాలు బూడిదే. మిగతావాటికి మాటకు ముప్పై సెంటావోలు. బూడిదవి చదవనే కూడదు, టైము దండగట!

పోనీ ఆ పాత ఇంగ్లీషు ఎవరి కష్టం? నినెత్‌దే. పంతొమ్మిదేళ్ళు టవర్ల కిందకు వెళ్ళి, ఎక్కి దిగినవాళ్ళను బతిమాలి, ఏ తీగను ఏమంటారో, ఏ మరకు ఇంగ్లీషులో ఏ పేరో నోటు పుస్తకాల్లో రాసుకుంది. ఒకరోజు ఉరీసార్ "చూసిచ్చేస్తా తల్లీ" అని తీసుకెళ్ళి మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇప్పుడది సంస్థ ఆస్తి. థూ! దొంగతనానికి అంత మర్యాదైన పేరు ఇంకెక్కడా వినం.

ఆ పేజీలో స్పానిష్‌లో ఇలా ఉంది: కరెంటు ఆపాక నలభై నిమిషాలు ఆగి, అప్పుడు యాంటెన్నా దగ్గరకు వెళ్ళాలి. పక్కన బూడిద రంగు ఇంగ్లీషులో ఐదు నిమిషాలని ఉంది. తొమ్మిదేళ్ళ కిందట పాత యంత్రానికి నినెత్ రాసిన వాక్యమే అది. అప్పటికి అది నిజం.

ఆమె ఎవెలియోకు ఫోన్ చేసింది. టవర్లెక్కి బతికే మనిషి. పదాల దగ్గర సందేహమొస్తే అతన్నే అడుగుతుంది.

"ఐదు నిమిషాలా? ఎవడమ్మా రాసిన దరిద్రుడు?"

"నేనే. పాతదానికి."

"కొత్తదాంట్లో బ్యాటరీ ఉంది కదమ్మా. కరెంటు తీసేసినా బ్యాటరీ అయిపోయేదాకా యంత్రం పనిచేస్తూనే ఉంటది. ఇక్కడ బిగించినదాని దగ్గరకు మాతో ఎక్కే రమీరో పావుగంటకే వెళ్ళి చెయ్యి పెట్టాడు. పైన చర్మం బాగానే ఉంది, లోపల కండ ఉడికిపోయింది. మూడు వేళ్ళు తీసేశారు. నయం, పైనుంచి పడలేదు."

నినెత్ ఆ పేజీ పట్టుకుని ఉరీసార్ గదిలోకి వెళ్ళింది. ఆయన తీపి రొట్టె కాఫీలో ముంచుకు తింటున్నాడు.

"తాళాలు తీయించండి లిక్. బూడిదవన్నీ చదవాలి," అంది. పట్టా ఉన్న పెద్దమనిషిని అక్కడ అందరూ లిక్ అనే పిలుస్తారు.

"ఎందుకు తల్లీ, నీ ఇంగ్లీషు మీద నీకే నమ్మకం పోయిందా?"

ఆమె నలభై నిమిషాల సంగతి చెప్పింది. రమీరో వేళ్ళ సంగతి చెప్పింది. ఆయన తన వేళ్ళకంటిన చక్కెర ఒక్కొక్కటే నాక్కుంటూ విన్నాడు.

"సరే, ఆ ఒక్కటీ దిద్దేసుకో, పో."

"దొరికింది ఒకటి. దొరకనివి ఎన్నున్నాయో? రెండు రోజులు కావాలి."

"రెండు రోజులు ఆగితే కొనేవాళ్ళు నాకు జరిమానా వేస్తారు. చదివినందుకు నువ్వు కూలి అడుగుతావు. అయినా టవరెక్కేవాడు పుస్తకం చదివి ఎక్కుతాడా ఏంటి? సరిహద్దు దగ్గర వాళ్ళకు కావలసింది ముద్ర."

"చదవడని తెలిస్తే మరి నా ముద్ర ఎందుకు?"

"అబ్బబ్బ, పొద్దుపోయే వేళ నాకు పాఠాలు చెప్పకు!"

అనువాదకుల ముద్రలన్నీ ఉరీసార్ గది గుమ్మం పక్కనే కూర్చునే దోన్యా ఒదీలియా సొరుగులో ఉంటాయి. అది కూడా అక్కడి ఆనవాయితీయే. ఎవరూ అడగకుండా, ఎవరూ చూడకుండా పని కానివ్వడానికి అంతకంటే వీలైన పద్ధతి లేదు. ఒదీలియా కూడా అనువాదకురాలే, అందరిలోకీ పెద్దది. ఇరవై ఆరేళ్ళుగా ఎక్కడ గుద్దమంటే అక్కడ గుద్దింది. ఎదురు మాట్లాడగా ఎవరూ వినలేదు.

నినెత్ సొరుగు లాగి తన ముద్ర తీసుకుంది. సంచిలో వేసుకుంది.

"చదవనిదాని మీద ఇది పడదు," అంది.

ఉరీసార్ గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వొక్కదానివి లేకపోతే పని ఆగిపోతుందా? రేపట్నుంచి రానక్కర్లేదు. ఒదీలియా, మీ ముద్ర వెయ్యండి."

ఒదీలియా సిరా మెత్త మూత తీసింది. ముద్ర చేతిలోకి తీసుకుంది. నినెత్ అటు చూడలేక డబ్బా, సంచీ సర్దుకుంటోంది. ఏడుపు వస్తోంది, ఒళ్ళు మండిపోతోంది.

"ఎన్నో పేజీ అన్నావమ్మా?" అనడిగింది ఒదీలియా.

"నూట నలభై."

ఆమె సిరా మెత్త మూత పెట్టేసి కళ్ళజోడు తుడుచుకుంది.

"లిక్, ఆ తాళాలు తీయమనండి."

"నాలుగున్నరైంది! మీకు కూడా పిచ్చెక్కిందా?"

"ఇరవై ఆరేళ్ళుగా నేనేం గుద్దానో నాకు తెలీదు," అంది ఒదీలియా. "ఇవాళ తెలుసుకుంటాను."

ముద్రను ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ తీసి, మొదటి వరుస కింద వేలు పెట్టింది.