చేత్తో పెట్టిన చుక్కలు

పాంచాలి విషయసూచికలో ఇరవై రెండో అధ్యాయం పేరు పక్కన చుక్కలు పెడుతోంది. వేలు కీ మీదే నొక్కి ఉంచితే చుక్కలు వరుసగా సాగి కంప్యూటరు తెర మీది కాగితం అంచు దగ్గరికి వచ్చాయి. వేలు తీసి పేజీ సంఖ్య కొట్టింది. నూట ఎనభై ఏడు. పై వరుసలోని సంఖ్య కన్నా అది కాస్త లోపలికి ఉంది. ఇంకో చుక్క కలిపింది. ఇప్పుడు కాస్త బయటికి పోయింది.

ఆర్.ఎస్. పురంలో మేడమెట్ల కింద ఉన్న ఆ టైపింగు కొట్లో ఆమె చేరి పంతొమ్మిదేళ్లయింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మెడ ముందుకు వంగిపోయింది. ఫ్యానుగాలికి ఎగరకుండా కొంగు నడుంలో దోపుకుంటుంది. కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, పిహెచ్.డి. గ్రంథాలు, ఏవి వచ్చినా ఆమె చేతి మీదుగానే పోవాలి. మూడు వందల పేజీల గ్రంథానికైనా విషయసూచిక నిమిషాల్లో తీసిస్తుంది. శీర్షికలకు గుర్తు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పేర్లు, చుక్కలు, సంఖ్యలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. పేజీలు మారితే ఇంకో నొక్కు.

వేలుసామి పుస్తకానికి మాత్రం అంతా చేత్తోనే చేస్తుంది.

వేలుసామి మేట్టుపాళయం వక్కల మండీలో తూకం గుమాస్తాగా చేసి మానుకున్న పెద్దాయన. ఎనభైకి దగ్గర పడ్డాడు. తరాల కిందట ఈ తమిళ నేలకు వచ్చి స్థిరపడిన తమ తెలుగువాళ్ల ఇంటిపేర్లు, ఏ తోటలో బావికి ఏం పేరు, ఏ ఇంటి ఎద్దును ఏమని పిలిచేవాళ్లు, అన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని ప్రతి గురువారం బస్సెక్కి వస్తాడు. తెలుగు రాయడం ఆయనకూ రాదు, పాంచాలికీ రాదు. మాట్లాడటం ఇద్దరికీ వచ్చు. మూడేళ్ల కిందట అమ్మ పోయాక పాంచాలి ఇంట్లో తెలుగు ఆగిపోయింది. తమ్ముడూ మరదలూ పిల్లలూ తమిళంలోనే మాట్లాడుకుంటారు. వేలుసామి స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "పొద్దున ఏం తింటివి అమ్మణీ?" అని అడిగితే, ఆ మాటతో ఆమెకు వారం గడుస్తుంది.

వచ్చినప్పుడల్లా ఆయన మధ్యలో ఎక్కడో ఒక కొత్త అధ్యాయం చేరుస్తాడు. పేజీలన్నీ జరుగుతాయి. పాంచాలి సంఖ్యలన్నీ చెరిపి మళ్లీ కొడుతుంది. యజమాని వెంకటేశన్, తాత పుస్తకానికి ముగ్గు వేస్తున్నావా అక్కా అని తమిళంలో వేళాకోళం చేస్తాడు. ఆమె నవ్వదు, మానదు. ఇంకో రెండు వారాలు పడుతుందని పోయిన గురువారం వేలుసామితో ఆమే అంది.

"తొందర ఏంటికి? నిదానంగా చెయ్యి," అన్నాడాయన.

ఈ గురువారం ఆయన రాలేదు. పన్నెండున్నరకు ఆయన కోడలు లక్ష్మిప్రియ ఫోను చేసింది. మామ సోమవారం నుంచి ఆసుపత్రిలో ఉన్నాడనీ, ఊపిరి అందడం లేదనీ, రావలసినవాళ్లను పిలిపించుకోమని డాక్టరు చెప్పాడనీ అంది.

"పుస్తకంలో ఏమేమి ఉండాదో రాసిన ఆ ఒక్క కాగితం చూస్తే చాలంటాడు. ఈ పొద్దు అవుతాదా అక్కా?"

"అవుతాది."

పాంచాలి ఫోను పెట్టేసి, అప్పటిదాకా కొట్టిన వరుసలన్నీ ఒక్కసారే తీసేసింది. ఇరవై రెండు శీర్షికలకూ గుర్తు పెట్టి నొక్కింది. విషయసూచిక వచ్చింది. సంఖ్యలన్నీ ఒకదాని కింద ఒకటి తిన్నగా నిలబడ్డాయి. గడియారం చూసింది. మూడు నిమిషాలు పట్టింది. ఈ మూడు నిమిషాల పని ఎప్పుడో చేసి ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చి, పోయింది. గుండెలో ఏమీ కదల్లేదు. ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, సగం పూట సెలవు చెప్పి బస్సెక్కింది. దారిలో ఆకలేసింది. డబ్బా తెరిచి పెరుగన్నం తింది.

వార్డులో వేలుసామి మంచం మీది దుప్పటి తీసేసి ఉంది. వరండాలో బెంచీ మీద లక్ష్మిప్రియ సంచి సర్దుకుంటోంది.

"ఇప్పుడే, అరగంట కూడా కాలేదు," అందామె.

పాంచాలి తల ఊపింది. ఏం చేయాలో తోచక కవరు చేతికిచ్చింది. లక్ష్మిప్రియ వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివింది.

"బాగుండాది. శానా సేపు పట్టిందా?"

"మూడు నిమిషాలు."

లక్ష్మిప్రియ ఆ మాట పట్టించుకోలేదు. పుస్తకం పోయిన దీపావళికే ముగిసిందని మామే చెప్పాడంది. ఆ తర్వాత కూడా బుధవారం వచ్చిందంటే కాగితాలు ముందేసుకుని కూర్చునేవాడట.

"ఇంకా ఏం రాస్తా ఉండావు మామా అని అడిగితే, ఉత్త చేతుల్తో అమ్మణి కాడికి ఎట్లా పోయేది అనె."

పాంచాలి బెంచీ మీద కూర్చుంది. నర్సు ఎవరినో పిలుస్తూ ముందు నుంచి వెళ్లింది. లక్ష్మిప్రియ సంచిలో వెతికి, తలగడ కింద ఇది దొరికింది, నీకే అయుంటాది అంటూ ఒక కాగితం ఆమె చేతిలో పెట్టి, బండి వచ్చిందేమో చూడటానికి లేచింది.

నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం. పైన తమిళ అక్షరాల్లో, పెన్సిలుతో, 'కొత్త అధ్యాయం: తిట్లు' అని రాసి ఉంది. ఆ మాట కింద వణికిన గీత ఒకటి. మిగతా రూళ్లన్నీ ఖాళీ.