అన్ని పేజీల అడుగున

బస్సుల కంపెనీ వెబ్‌సైటుని ఒంటిచేత్తో నడిపే ఆవిణ్ణి ఆఫీసులో అందరూ పేజీలమ్మ అంటారు. ముద్దుగా పెట్టిన పేరే, కాకపోతే ముద్దుతో కడుపు నిండదు. భర్తా, ఎనిమిదేళ్ళ కూతురూ వేరే ఊళ్ళో ఉంటారు. ఈవిడ ఆఫీసు వెనక వీధిలో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గదిలో ఉంటుంది. వాళ్ళుండే ఊళ్ళోనూ కంపెనీకి బ్రాంచి ఉంది. అక్కడికి బదిలీ అడిగినప్పుడల్లా మేనేజరుగారిది ఒకటే పాట, నువ్వెళ్తే పేజీలెవరు చూస్తారమ్మా అని. పోనీ మానేద్దామంటే ఒక్క జీతంతో ఆ ఇల్లు గడవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ వెబ్‌సైటు పాతకాలపు సరుకు. ఊరికో పేజీ ఉంది గానీ ఏ పేజీ తనంతట తాను పూర్తి కాదు. పైనుండే కంపెనీ పేరు ఒక ఫైలు, బస్సుల వేళలు ఇంకో ఫైలు, అడుగునుండే ప్రకటనలు మరో ఫైలు. పేజీలో ఉండేదల్లా "ఫలానా ఫైలు తెచ్చి ఇక్కడ పెట్టు" అనే ఆదేశాలే. ఎవరైనా పేజీ తెరవగానే సర్వరు ఆ ముక్కలన్నీ పోగుచేసి, ఆ రోజు తేదీ కూడా వేసి, అతికించి పంపుతుంది. ఒక బస్సు రద్దయితే అడుగు ఫైల్లో ఒక్క వాక్యం మారిస్తే చాలు, అన్ని ఊళ్ళ పేజీల్లోనూ మారిపోతుంది. సుఖమే. కాకపోతే ఆ ఫైల్లో తప్పు పడితే అన్ని పేజీలూ ఒక్కసారే చెడతాయి. అందుకే ఆఫీసులో ఎవరూ దాని జోలికి రారు.

ఇబ్బంది ఉంటే పిలవమని పేజీలమ్మ ఫోన్ నంబరు కూడా ఆ అడుగు ఫైల్లోనే వేయించారు. జనం మొహమాటపడకుండా పిలుస్తారు. ముద్ద నోట్లో ఉండగా పిలుస్తారు, తలంటుకుంటుండగా పిలుస్తారు, కూతురు బళ్ళో ఏం జరిగిందో చెబుతుంటే మధ్యలో పిలుస్తారు. రాత్రయినా సరే ఆఫీసుకి పరిగెత్తి ఫైలు సరిచెయ్యాల్సిందే. ఆ పిల్ల ఇప్పుడు కథ మొదలుపెట్టే ముందే, "పూర్తయ్యేదాకా ఉంటావా?" అని అడుగుతోంది.

ఈ పని ఆవిడ ఏరికోరి తెచ్చుకున్నదీ కాదు. ముందున్నాయన ఆవిడకి నేర్పి, మేనేజరుగారి ఎదుట చేసి చూపించమన్నాడు. చకచకా చేసేసి, భేష్ అనిపించుకుని పొంగిపోయింది. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయనంత తొందరగా సామాను ఎందుకు సర్దుకున్నాడో ఆవిడకి తర్వాత గానీ తలకెక్కలేదు.

ఈ ఏడు మేనేజరుగారు కాస్త మెత్తబడ్డారు. టికెట్ కౌంటర్లో కూర్చునే అమ్మాయిని చూపించి, ఈ పిల్లకి నేర్పు, నా ఎదుట చేసి చూపిస్తే నీ బదిలీ మీద సంతకం పెడతానన్నారు. నీకిష్టమేనా అని ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఆయన మాట కాదన్నవాళ్ళకి ఆఫీసులో కుర్చీ మిగలదని తెలుసు కాబట్టి ఆ అమ్మాయీ నోరెత్తలేదు.

పిల్ల చురుకైంది, చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. మొదటి రోజే పేజీలమ్మ ఒక హెచ్చరిక చేసింది. ఏ ఫైల్లోనూ ఆ ఫైలునే తెమ్మని రాయకూడదు, అది తన భుజాలు తానే ఎక్కాలని చూడటం లాంటిది అంది. కౌంటరమ్మాయి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ తర్వాత ఏది చెప్పినా రెండోసారి అడగలేదు. మధ్యలో ఒకసారి, తన తండ్రి మంచం దిగలేడనీ, పక్కింటావిడ నాలుగింటిదాకానే చూస్తుందనీ, కౌంటరు అప్పటికి మూసేస్తారు కాబట్టి సరిపోతోందనీ చెప్పింది. పేజీలమ్మ ఊఁ కొట్టింది. ఆవిడ మనసు అప్పటికే ఆ ఊరెళ్ళిపోయి, కూతురి జడ వేస్తోంది.

పరీక్ష రోజు పొద్దున ఒకసారి చేయించి చూసింది. కౌంటరమ్మాయి ఒక్క తప్పు లేకుండా చేసింది.

మధ్యాహ్నం మేనేజరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రేపు ఒక బస్సు రద్దని అన్ని పేజీల్లో వెయ్యమన్నారు. కౌంటరమ్మాయి అడుగు ఫైలు తెరిచింది, రాసింది, సేవ్ చేసింది. పేజీ మళ్ళీ తెరిస్తే అడుగున ప్రకటన లేదు. "ఈ ఆదేశాన్ని అమలు చేయడంలో పొరపాటు జరిగింది" అని ఉంది. ఇంకో ఊరి పేజీ చూశారు. అక్కడా అదే. అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి.

పేజీలమ్మ కుర్చీ లాక్కుని ఫైల్లోకి చూసింది. అడుగు ఫైల్లో అడుగు ఫైలునే తెమ్మన్న ఆదేశం ఉంది. పొరపాటున పడే తప్పు కాదది. పనిగట్టుకుని కూర్చి రాస్తే తప్ప రాదు. ఆవిడ ఆ ఆదేశం తీసేసి పేజీలు బాగుచేసింది. ఒళ్ళు మండిపోయింది. జుట్టు పట్టుకుని అడగాలనిపించింది.

"ఏమ్మా, నేర్పావా, లేదా?" అన్నారు మేనేజరుగారు.

పొద్దున ఇదే పని చేసింది సార్ అంటే చాలు. మళ్ళీ చేయిస్తారు. ఆయన కళ్ళెదుట రెండోసారి తప్పు చేసే ధైర్యం ఆ పిల్లకి ఉండదు. సంతకం పడుతుంది. కౌంటరమ్మాయి తలెత్తలేదు. ఒడిలో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటోంది.

తనకీ ఆనాడు ఇంత తెలివి ఉంటే ఈ గదిలో ఎందుకు పడి ఉండేది అనుకుంది పేజీలమ్మ. మండుతున్న కోపం ఎటు తిప్పాలో తెలియలేదు.

"నాకే నేర్పడం చేతకాలేదు సార్," అంది.

మేనేజరుగారు నిట్టూర్చి, మరి నీ బదిలీ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అని లేచారు. ఆయన మొహంలో బాధ కంటే నిశ్చింతే ఎక్కువ కనబడింది.

కౌంటరమ్మాయి సంచీ తీసుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగింది. "అక్కా, మా నాన్న..."

"తెలుసు. వెళ్ళు, పక్కింటావిడ ఎదురుచూస్తుంటుంది," అంది పేజీలమ్మ, అటు చూడకుండా.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. బీరువాలో అమ్మ చీరలకని నాన్న ఒక అర ఖాళీ చేశాడట, తనే తుడిచిందట. అది చెప్పేసి అడిగింది, "సంతకం పెట్టారా అమ్మా?"

"లేదు తల్లీ. ఆ అరలో నీ పుస్తకాలు పెట్టుకో."