అన్నయ్య నవ్వితేనే

మా చెల్లెలికి ఇప్పుడు పదకొండు బడులున్నాయి. నాకున్నది ఒక బైండింగు షాపు, ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు. నాన్న చనిపోయిన ఏడాది ఇద్దరిలో ఒకరు పనిలో చేరక తప్పలేదు. ఎవరని నన్నెవరూ అడగలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు, దాచుకోవడం దేనికి!

అద్దె గదిలో తొమ్మిదిమంది పిల్లలకు లెక్కలు చెప్పే రోజుల్లో ఒకసారి షాపుకొచ్చి, "ఐదేళ్ళలో ఐదొందలమందికి చెప్తానన్నయ్యా" అంది. పగలబడి నవ్వాను. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!" అన్నాను. దానికి కోపం రాలేదు సరికదా, నా నవ్వునే కొలబద్ద చేసుకుంది. ఏ లక్ష్యం పెట్టుకున్నా ముందు వచ్చి నాకు చెప్పేది. నవ్వితే సరేనని వెళ్ళిపోయేది, నవ్వకపోతే అక్కడికక్కడే పెంచేది. నాలుగేళ్ళకే ఐదొందలూ దాటింది. కొత్తగా చేరే టీచర్లకూ అదే పాఠం: "మీ మాట విని ఇంట్లో ఒక్కరైనా నవ్వాలి. నవ్వలేదంటే మీకు ఎలాగూ చేతనైందే చెప్తున్నారు." ఎగతాళి నాది, పేరు దానిది.

మొన్న మధ్యాహ్నం నోటుపుస్తకాల వెన్నుకు జిగురు రాస్తుంటే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పు మహారాణీ, ఈసారి చంద్రమండలంలోనా బడి?"

"పదకొండూ చాలు. పొద్దుటి క్లాసు మాత్రం ఎత్తేస్తున్నా."

పొద్దుటి క్లాసు పనికెళ్ళే పెద్దవాళ్ళకు, చదువు మధ్యలో మానేసినవాళ్ళకు. మూడేళ్ళ కిందట మొదలుపెడుతూ, వందమంది పదో తరగతి పాసవ్వాలంది. అప్పుడు కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను.

"ఎంతమంది పాసయ్యారేం?"

"నలుగురు. ఇప్పుడొచ్చేది ముగ్గురు."

నాకు నవ్వు రాలేదు. అది నా మొహంలోకే చూస్తోంది.

"నవ్వవేం?"

"నవ్వడానికేముందే? తెలివైన పనే. కాస్త తిని పడుకో, మొహం పీక్కుపోయింది."

"ఆ క్లాసు ఎవరికోసం పెట్టానో తెలుసా నీకు?"

తెలుసు. మొదటి రోజే నన్ను చేరమని ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దాన్ని ఎవరిదో లెడ్జరు అట్ట లోపల అంటించేశాను.

"అడిగేవాళ్ళు ముప్పై ఆరేళ్ళ కిందట అడగాల్సింది" అన్నాను.

"అప్పుడు నాకు ఆరేళ్ళన్నయ్యా" అంది నెమ్మదిగా. "అడగాలని తెలీలేదు."

ఇన్నేళ్ళూ ఎవరి మీద పళ్ళు నూరానో ఆ మనిషి ఎదురుగా కూర్చుంది. జడ నేనే వేసి బడికి పంపిన ఆరేళ్ళ పిల్ల. కుంచె మీద జిగురు ఆరిపోతోంది.

"ఎన్నింటికి మొదలు?" అన్నాను కుంచె పక్కన పెట్టి.

"ఐదున్నరకి. లేస్తావా నువ్వు?"

"నలుగురైతే ఎత్తెయ్యవుగా?"

"నువ్వొస్తే ఒక్కడివైనా ఎత్తెయ్యను."

"నాకు భిన్నాలు రావు. అక్కడే ఆపేశాను."

"అక్కణ్ణుంచే చెప్పిస్తా."

"అయితే రాసుకో. ఫస్టు క్లాసులో పాసవుతాను!" అన్నాను ఎకసెక్కెంగా. నాకే నవ్వొచ్చింది.

అది మాత్రం నవ్వలేదు. సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పరిచింది. నేను పెన్ను అందుకోబోతే దాన్ని వెనక్కి లాక్కుంది.

"ముందు ఆ జిగురు కడుక్కురా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.